ఒక మనిషికి సరిపడే ఓవెన్

చిలకలగూడ,
6 జూన్ 2024

తాతారావుకు అక్క దీవెనలు. మరదలికీ, దేవిశ్రీకీ, అల్లుడికీ కూడా.

ఉత్తరం చూసి కంగారుపడకు. ఫోనులో రెండు ముక్కలు కొట్టొచ్చు కదా అంటావు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది మీ బావ చొక్కా జేబు దిగదు. గొంతు తీసేయించుకున్న దానికి ఫోనుతో పనేముందని నేనూ పట్టించుకోలేదు. కింది వాటాలో ఉండే పుష్పమ్మ చేత కవరు తెప్పించి రాస్తున్నాను. నువ్వు కూడా ఆవిడ పేరుకే జవాబు రాయి. ఎందుకని ఇప్పుడు అడక్కు.

సంగతేమిటంటే, మైక్రోవేవ్ ఓవెన్ కొనాలి. పోయిన వారం మీ బావ పొయ్యి మీద పాలు పెట్టి పేపరు పట్టుకుని కూర్చున్నారు. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం పోతూనే ఉంది. ఆయనకు కరోనా నాడు పోయిన వాసన మళ్ళీ రాలేదు. నేనా, ఊపిరి మెడలో పెట్టిన కన్నంలోంచి పీలుస్తున్నాను, ఇక ముక్కుకు వాసనెక్కడిది? ఇద్దరం హాల్లో హాయిగా కూర్చున్నాం. పుష్పమ్మ కింద నుంచి పరిగెత్తుకొచ్చింది. "ఏందక్కా, గ్యాస్ గిట్ల గుప్పుమంటుంటే ఇద్దరికి ఇద్దరు కూసున్నరు! జెర కిటికీలన్న తెరువుండ్రి!" అని కసిరి సిలిండరు కట్టేసింది.

ప్యారడైజ్ దగ్గర ఒక షాపుకు వెళ్ళాను. నాకు కావలసింది కాగితం మీద రాసి చూపిస్తే అక్కడి కుర్రాడు నా చెవి దగ్గరికొచ్చి "మేడమ్! ఇంట్లో ఎంతమంది!" అని అరిచాడు. గొంతు లేని వాళ్ళకు చెవులు కూడా ఉండవని లోకం నమ్మకం. నాకు నవ్వొచ్చింది. నా నవ్వుకు చప్పుడు లేదు కదా, ఏడుస్తున్నాననుకుని మంచినీళ్ళు తెప్పించాడు పాపం. సోలో అన్నాడు, గ్రిల్ అన్నాడు, కన్వెక్షన్ అన్నాడు, లీటర్లన్నాడు. ఏమీ కొనకుండానే వచ్చేశాను.

నాకు తిప్పే బటన్లు రెండే ఉండాలి. పని అవ్వగానే గంట కొట్టి దానంతటదే ఆగిపోవాలి. అంతకు మించి ఏ హంగూ వద్దు. ఏది కొనమంటావో చెప్పు.

అక్క,
సుబ్బులు

సామర్లకోట,
12 జూన్

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి మీ మరదలికి కూడా వినిపించాను. షాపు కుర్రాడి దగ్గర ఇద్దరం పడీపడీ నవ్వాం. గ్యాసు సంగతి మాత్రం నవ్వులాట కాదు. పుష్పమ్మ గారికి నా తరఫున దండం పెట్టు.

ఇంతకాలంగా మిక్సీలూ గ్రైండర్లూ ఓవెన్లూ అమ్ముతున్నాను. కొనేముందు నన్నడిగిన మొదటి చుట్టానివి నువ్వే. మిగతావాళ్ళు ఎక్కడో కొనుక్కుని, చెడిపోయాక నా దగ్గరికి మోసుకొస్తారు. సోలో అంటే వేడి చేస్తుంది, ఉడికిస్తుంది, అంతే. గ్రిల్ అయితే పైన ఎర్రగా కాలుస్తుంది. కన్వెక్షన్ అయితే ఇవన్నీ చేసి కేకులు, బిస్కెట్లు కూడా చేస్తుంది. నా మాట విని ఇరవయ్యెనిమిది లీటర్ల కన్వెక్షన్ తీసుకో. చిన్నప్పుడు ఇసకలో గిన్నె పెట్టి కేకు చేస్తానని అమ్మ చేత తన్నులు తిన్నది నువ్వే కదా. ఇప్పుడు చేసుకో. ఒక్క జాగ్రత్త, స్టీలు గిన్నె లోపల పెట్టకూడదు, నిప్పురవ్వలు లేస్తాయి. గాజువి, పింగాణీవి పెట్టాలి.

అక్కా, నిజం చెప్పనా? నాకు చాలా సంతోషంగా ఉంది. ఆపరేషను తర్వాత నువ్వు దేని మీదా ఆశ లేనట్టు ఉన్నావు. వంటింటికి కొత్త వస్తువు కావాలని అడిగావంటే మనిషివి తేరుకున్నట్టే.

బావగారు అడగమన్నారా, నువ్వే రాశావా? ఆయన అడగమంటే మాత్రం చెప్పేది లేదు. దేవిశ్రీ నిశ్చితార్థంలో వియ్యాలవారి ముందు "మావాడు మిక్సీలు అమ్ముకుంటాడండీ" అని ఆయన నవ్విన నవ్వు నేను మర్చిపోలేదు. మీ ఇంట మెతుకు ముట్టనని అప్పుడు వేసుకున్న ఒట్టు ఒట్టే. నీకోసం ఏమైనా చేస్తాను, ఆ గడప మాత్రం తొక్కను.

తమ్ముడు,
తాతారావు

చిలకలగూడ,
18 జూన్

తాతారావూ,

కేకు ఊసెత్తి నన్ను నవ్వించావు. కన్వెక్షన్ వద్దు. ఇరవై లీటర్ల సోలో చాలు.

నీకు దాచి లాభం లేదు. ఆ ఓవెన్ నాకు కాదురా, మీ బావకి. పోయిన నెల స్కానింగు తీస్తే గొంతు క్యాన్సరు ఊపిరితిత్తుల్లోకి పాకిందని తేలింది. ఆయన మందుల కిటికీ దగ్గర వరసలో నిలబడి ఉండగా డాక్టరు నాకొక్కదానికే చెప్పాడు. నేనే సైగ చేసి అడిగాను. "పండగలు లెక్కపెట్టుకోకండమ్మా" అన్నాడు. మంచివాడు, చెప్పడానికి తెగ ఇబ్బంది పడ్డాడు. మీ బావకి తెలియదు. తెలియనివ్వను. ఉత్తరాలు పుష్పమ్మ పేరుకి రాయమన్నది అందుకే.

నాకు చావంటే భయం లేదనను, ఉంది. కానీ దానికంటే పెద్ద భయం ఆ పాలగిన్నె. పిల్లలు లేని ఇల్లు మాది. రేపు నేను లేకపోతే ఆయన పొయ్యి ముట్టిస్తారు, మర్చిపోతారు, వాసన తెలియదు. హోటల్ తిండి ఆయనకు పడదు. వంటమనిషిని పెట్టుకుంటే మూడో నాడు కూరలో ఉప్పు గురించి పోట్లాడి పంపేస్తారు, ఆ నోటి సంగతి నీకు వేరే చెప్పాలా? అందుకే మంట లేని పొయ్యి కావాలి. గొంతు సరిగ్గా మింగదు, మెత్తగా వేడి చేసుకోవడానికి నాకే కావాలని ఆయనతో చెప్పాను. నమ్మారు. నేను ఉండగానే ఆయన చేత అన్నం, పప్పు, కూర చేయించి చూసుకోవాలి. ఆయన తన అన్నం తాను తినగలరని కళ్ళారా చూస్తే నేను నిశ్చింతగా పోతాను. నా బెంగ ఇదొక్కటే.

ఎంతమందికని షాపు వాడు అరిచినప్పుడు "ఒకరికి" అని రాసి ఇచ్చాను.

అక్క

సామర్లకోట,
24 జూన్

అక్కా,

కొట్లో చదివాను నీ ఉత్తరం. బేరానికి వచ్చినవాళ్ళు ఉండగానే షట్టరు దించేసి ఇంటికొచ్చాను. మీ మరదలు ఇంకా ఏడుస్తోంది.

నాకు మండిపోతోంది. నీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా ఆయన పొట్ట గురించేనా నీ బెంగ? గూడ్సు బండికి గార్డునని ఏ వేళకు దిగితే ఆ వేళకు వేడన్నం వడ్డించావు. ఏనాడైనా నీకు మంచినీళ్ళు ముంచి ఇచ్చారా? మా ఇంటికి రా. ఇక్కడ కాకినాడలో పెద్ద డాక్టర్లున్నారు. నేను చూసుకుంటాను. ఆయన్ని ఆయన చూసుకుంటారు.

ఒక మనిషికి సరిపడే ఓవెన్ నా చేత్తో నేను పంపను. ఇరవయ్యెనిమిది లీటర్ల కన్వెక్షనే ట్రాన్స్‌పోర్టులో వేశాను. నువ్వు బతుకుతావు. నువ్వే కేకు చేసి, కోసి, నాకు పంపుతావు.

తమ్ముడు

చిలకలగూడ,
5 జూలై

తాతారావూ,

నువ్వు పంపిన ఓవెన్ వచ్చింది. వంటింటి గట్టు సగం మింగేసింది. అద్దం మీద వేలు ఆనిస్తే పనిచేసేది పంపావు. మీ బావ కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని ఎంతసేపో దాని ముందు నిలబడ్డారు. చివరికి తన స్టీలు గ్లాసులో కాఫీ పోసి లోపల పెట్టి ఏదో నొక్కారు. ఈ ఇంట్లో స్టీలు తప్ప ఇంకేముంది? ప్రతి గిన్నె మీదా ఎవరో ఒకరి పెళ్ళి తేదీ చెక్కి ఉంటుంది. స్టీలు వద్దని నువ్వు రాసిన ముక్క ఆయనకు చూపించే దారి లేదు, అదే ఉత్తరంలో ఆయన్ని నాలుగు తిట్టావు కదా. నేను స్నానాల గదిలో ఉన్నాను. చిటపటమని రవ్వలు లేచాయట. ఆయన కేక విని పుష్పమ్మ పైకొచ్చి ప్లగ్గు పీకింది. "సారూ, స్టీలు పెట్టిండ్రా? దానికి స్టీలంటే దుష్మనీ! పరేషాన్ గాకుండ్రి, ఏం గాలె" అందట.

ఆయన హాల్లో కూర్చుని "మీ తమ్ముడు నన్ను వెర్రివెధవని చెయ్యడానికే ఇది పంపాడు. మిక్సీలమ్ముకునేవాడన్నానని కసి తీర్చుకున్నాడు" అన్నారు. కాదని నేను రాసి చూపిస్తే కాగితం మడిచి పక్కన పడేశారు. రెండు పూటలు వంటింట్లోకి రాలేదు.

నా మీద నీకు ప్రేమ ఉంది, కాదనను. కానీ నువ్వు పంపింది నీ మనసుకు ఓదార్పురా, మా వంటింటికి పనికొచ్చేది కాదు. ఏనాడైనా మంచినీళ్ళిచ్చారా అన్నావే, విను. ఆపరేషనయ్యాక నా మెడలో గొట్టం తీసి, కడిగి, పెట్టేది ఆయనే. నర్సుకి కళ్ళు తిరిగాయి గానీ ఆయనకు తిరగలేదు. ఆయన నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. ఇంకెప్పుడూ ఆయన్నలా అనకు. మీ ఊరికి నేను రాను.

చిన్నది పంపు. ఆలస్యం చేస్తే నేర్పే ఓపిక నాకు ఉండదు.

అక్క

సామర్లకోట,
11 జూలై

అక్కా, తప్పయిపోయింది.

చిన్నది ఈ రోజే వేశాను. ఇరవై లీటర్ల సోలో, రెండే తిప్పే బటన్లు. ఏ గీత దగ్గర అన్నం, ఏ గీత దగ్గర పప్పు అన్నది ఎర్ర రంగుతో నేనే గుర్తులు పెట్టాను. గాజు గిన్నెలు గడ్డిలో చుట్టి అదే పెట్టెలో పెట్టించాను. పెద్దది వెనక్కి పంపెయ్యి.

ఇంకొక సంగతి. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు గానీ, మనిద్దరి మధ్యా ఇంకో దాపరికం పెట్టలేను. నిన్న బావగారు ఫోను చేశారు. నిశ్చితార్థం నాటి నుంచి ఆయన గొంతు వినలేదు నేను. పలకరింపు లేదు, పాడు లేదు. "ఏమోయ్, సగ్గుబియ్యం ఆ డబ్బాలో ఎంతసేపు పెడితే మెత్తబడుతుంది? మీ అక్కకి గొంతు దిగడం లేదు" అన్నారు. చెప్పాను. ఫోను పెట్టేస్తారనుకుంటే పెట్టలేదు. మళ్ళీ అన్నారు: "అది ఎవరి కోసం కొంటోందో నాకు తెలుసోయ్. గార్డుని. వెనక పెట్టెలో కూర్చునే బండి ఎక్కడ ఆగబోతోందో తెలుసుకునేవాణ్ణి. నాకు తెలిసినట్టు మీ అక్కకి తెలియనివ్వకు. నాకు నేర్పించే మాట ఎత్తితే ఆవిడ మొహం కాస్త విప్పారుతోంది."

ఆ మాట అని ఆయనే పెట్టేశారు.

తాతారావు

చిలకలగూడ,
9 ఆగస్టు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి, మడిచి పుష్పమ్మకే దాచమని ఇచ్చాను. ఆయనకు తెలుసని నాకు తెలిసినట్టు నేనూ బయటపడలేదు. ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం బాగానే నాటకమాడాం. చిన్న ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని నేను కూర్చునేదాన్ని, ఆయన నిలబడి చేసేవారు. నేను చప్పట్లు కొడితే ఆగాలి, బల్ల మీద తడితే తిప్పాలి. మొదట్లో అన్నం పొంగి లోపలంతా గంజి అయింది. పెసరపప్పు రాళ్ళలా ఉండిపోయింది. "సికింద్రాబాదు యార్డులో వేగన్లు తిప్పడం దీనికంటే నయం" అని విసుక్కునేవారు. నెలాఖరుకల్లా చూడు, అన్నం పువ్వులా చేశారు. దొండకాయ కూర కూడా. నాకు గర్వంగా అనిపించింది. ఇక పర్వాలేదనుకున్నాను.

తర్వాత ఊపిరాడక నన్ను ఆస్పత్రిలో చేర్చారు. రాత్రిళ్ళు ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళని ఉండనివ్వరు. పుష్పమ్మ నా దగ్గర పడుకునేది, ఆయన ఇంటికి వెళ్ళి వండుకుని వచ్చేవారు. ఏం తిన్నారని రాసి అడిగితే "అన్నం, చారు, వంకాయ" అని చెప్పేవారు. నేను ధైర్యంగా ఉన్నాను.

మొన్న ఇంటికొచ్చాను. ఫ్రిజ్ తెరిస్తే గాజు గిన్నెలు వరసగా ఉన్నాయి. అన్నం, చారు, వంకాయ కూర. ఏదీ ఎవరూ ముట్టలేదు. అడుగున ఉన్నవి బూజు పట్టాయి. అబద్ధం చెప్పలేదు తాతారావూ, అన్నీ వండారు. తినలేదు, అంతే. పుష్పమ్మ అప్పుడు నోరు విప్పింది. "సారు వండుతుండు గని తింటలేడక్కా. నేను సుత చెప్పి చూసిన. చాయ్ తాగి, బిస్కెట్ తిని పండుకుంటుండు" అంది.

ఆ గిన్నె ఆయన ముందు పెట్టి "ఎందుకు?" అని రాశాను. "వడ్డించుకుని కూర్చున్నాను సుబ్బులూ. ఎదురుగా ఎవరూ లేరు. ముద్ద గొంతు దిగలేదు" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు నా బుద్ధితక్కువతనం. ఏ వేళకు డ్యూటీ దిగినా నేను తినకుండా కూర్చునేదాన్ని, ఇద్దరం కలిసే తినేవాళ్ళం. లైన్లో ఉంటే బండి ఆగిన స్టేషన్లో డ్రైవరుతో కలిసి క్యారేజీ విప్పేవారు. పెళ్ళయింది మొదలు ఆయన ఒంటరిగా అన్నం తిన్న మనిషి కాదు. అదొక గొప్ప అలవాటని మురిసిపోయేదాన్ని. దానివల్ల ఇంత కష్టం వస్తుందని నాకేం తెలుసు? ఎన్ని లీటర్లు, ఎన్ని బటన్లు అని నిన్ను వేధించాను గానీ, అసలు సంగతి ఆలోచించలేదు. వండుకోవడం నేర్పాను. తినడం నేర్పలేకపోతున్నాను, నాకు వ్యవధి కూడా లేదు.

నీకు ఒట్టుందని తెలుసు. అయినా అడుగుతున్నాను. ఒక్కసారి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తిను. నేను కాక ఇంకొకళ్ళున్నా ఆయనకు దిగుతుందో లేదో నాకు తెలియాలి.

అక్క

సామర్లకోట,
14 ఆగస్టు

అక్కా,

ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. శనివారం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాను. మీ మరదలు కందిపొడి, మాగాయ కడుతోంది. నాకోసం ఏమీ చెయ్యొద్దు. బావగారు ఏది వండితే అది తింటాను, ఏమన్నా పడతాను.

తాతారావు

చిలకలగూడ,
20 ఆగస్టు

తాతారావూ,

నువ్వు హాల్లోనే ఉన్నావు, మీ బావతో ఏదో వాదిస్తున్నావు. అయినా రాయక తప్పదు, నాకు ఇదే నోరు. సాయంత్రం బండికి వెళ్ళేటప్పుడు నీ సంచిలో పెడతాను, ఇంటికెళ్ళాక చదువుకో. ఇక్కడ చదివితే నువ్వు ఏడుస్తావు, ఆయన చూస్తారు.

మధ్యాహ్నం నేను మంచం మీద నుంచి మీ ఇద్దరి భోజనం విన్నాను. పప్పులో ఉప్పు చాలలేదని నువ్వన్నావు. "మిక్సీలు అమ్ముకునేవాడికి ఉప్పు సంగతేం తెలుసోయ్" అన్నారాయన. ఇప్పుడు నువ్వు కంచం ముందు నుంచి లేచిపోతావనుకున్నాను. నువ్వు నవ్వావు. తర్వాత ఆయన మారు వడ్డించుకున్న చప్పుడు విన్నాను, మజ్జిగ పోసుకున్నదీ విన్నాను. ఈ పూట నాకు గంజి కూడా దిగలేదు. దిగకపోయినా, కడుపు నిండినట్టే ఉంది.

నెలకొకసారి వస్తానని నువ్వు ఆయనకు మాటిచ్చావు. మిగతా రోజులకి పుష్పమ్మతో మాట్లాడాను. ఆవిడా ఒక్కతే, మధ్యాహ్నం తన కంచం పైకి తెచ్చుకుంటానంది. "సారుకు నా పచ్చిపులుసు అలవాటైతది తియ్" అని నవ్వింది. కాబట్టి రోజుల సంగతి ఎలాగో గడుస్తుంది. నా బెంగ ఒక్క రోజు గురించే.

నేను పోయిన రోజు. ఆ రోజు నువ్వు ఇక్కడుండాలి. ఇంట్లో పొయ్యి ముట్టించకూడదంటారు. ఎవరో చుట్టాలు బయట నుంచి అన్నం తెస్తారు, అది వచ్చేసరికి చల్లారిపోతుంది. ఆయన పొద్దుటి నుంచి ఏమీ తిని ఉండరు. స్నానం చేసి వచ్చి గోడకానుకుని కూర్చుంటారు. ఇంట్లో చల్లటి అన్నం ఆయన ఎన్నడూ తినలేదు, నేను పెట్టలేదు.

ఓవెన్ పొయ్యి లెక్కలోకి వస్తుందా రాదా అని పెద్దవాళ్ళని అడక్కు. అడిగితే ఏదో ఒకటి చెబుతారు. నువ్వు మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళి, ఆ అన్నం గాజు గిన్నెలోకి తీసి వేడి చెయ్యి. ఇద్దరికీ వడ్డించి ఆయన ఎదురుగా కూర్చో. వద్దంటారు. బతిమాలకు. ముందు నువ్వు ముద్ద కలిపి తిను. నిన్ను చూసి ఆయనా తింటారు.

అక్క